పన్నెండో ఫొటో

“ఇదే సైజులో పూలది ఉందా అండీ?” అని అడిగిందామె. భర్త అప్పటికే ఫొటో వెడల్పును జానలతో కొలుస్తున్నాడు. వాళ్ల సోఫా వెనక గోడ బోసిగా ఉందట.

“లేదండీ,” అన్నాడు స్టాన్లీ.

“పోనీ, ఇందులో ఆ నిద్రపోయేవాళ్లను తీసేసి ఇవ్వగలరా?”

ఆమె వేళాకోళం ఆడటం లేదు. అందుకే స్టాన్లీకి ఇంకా మండింది.

వైట్‌ఫీల్డ్‌లోని ఆ గ్యాలరీలో అతని ఫొటోల ప్రదర్శన మొదలైన రోజది. మొత్తం పది రోజులు. పన్నెండు ఫొటోలు. అన్నీ బొమ్మసంద్ర ఫ్యాక్టరీలకు వెళ్లే పనివాళ్లవి. లోపలి గోడకు ఒంటరిగా పెట్టిన పన్నెండోది అన్నిటికంటే పెద్దది. తెల్లవారుజామున బయల్దేరిన కంపెనీ బస్సు. సీట్లలో అందరూ నిద్ర. ఒక్కామె మాత్రం మేలుకొని కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ ఒక్క చూపు కోసం స్టాన్లీ మూడు నెలలు అదే బస్సులో తిరిగాడు.

వచ్చినవాళ్లు దానికి వీపు పెట్టి సెల్ఫీలు తీసుకున్నారు. “ఏ కెమెరా బ్రో?” అని అడిగారు. పాత ఆఫీసు స్నేహితుడొకడు, “ఇలాంటివి నా ఫోన్లో బోలెడున్నాయిరా,” అని భుజం తట్టి, కాఫీ తాగి వెళ్లాడు.

ఉద్యోగం మానేసి ఏడాదిన్నర. పాత కంపెనీ మళ్లీ పిలుస్తోంది. ప్రదర్శన ముగిసే శనివారం మధ్యాహ్నంలోగా జవాబు చెప్పమంది. భార్య మార్త దెబ్బలాడలేదు. ఒక్కటే అంది.

“నీ ఫొటోని ఒక్క మనిషైనా నిజంగా చూశాడని నీకనిపిస్తే ఆ ఉద్యోగం వద్దనెయ్. లేకపోతే మాత్రం కెమెరా బీరువాలో పెట్టెయ్యాలి. మాటేనా?”

“మాటే,” అన్నాడు స్టాన్లీ.

ఆ ఒక్క మనిషి రెండో రోజు వచ్చాడు.

డెబ్బై దాటిన ముసలాయన. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. అక్కర్లేదని గ్యాలరీ చూసుకునే హరిణి చెప్పినా వినలేదు. పదకొండు ఫొటోలు దాటుకుని తిన్నగా పన్నెండోదాని ముందుకు వెళ్లి నిలబడ్డాడు. పది నిమిషాలు కదల్లేదు. పెదవులు మాత్రం మెల్లగా ఆడుతున్నాయి. బస్సులో నిద్రపోతున్నవాళ్లను లెక్కపెడుతున్నాడేమో అనుకున్నాడు స్టాన్లీ. తర్వాత ఆయన కళ్లు మూసుకున్నాడు. చూసినదాన్ని లోపల దాచుకుంటున్నాడు కాబోలు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడు కూడా. తలుపు తీసేసరికి మెట్ల మీద ఉండేవాడు.

“ఈయనెవరు?” అని అడిగాడు స్టాన్లీ.

“నాకేం తెలుసు సార్, నేను చేరి పదిహేను రోజులే గదా,” అంది హరిణి. ఆమెది సిద్దిపేట. “ఆ బస్సులున్నామె ఆయన బిడ్డేమో. పోయి అడుగుండ్రి.”

“వద్దు. చూసే మనిషిని కదిలించకూడదు.”

“మీరు మరీ సార్! ఆయన ఫొటో చూస్తుంటే మీరు ఆయన్ను చూస్తున్నరు. ఆయనది గూడ ఒక ఫొటో గుంజుండ్రి, పదమూడోది పెడదాం.”

తక్కిన జనం మాత్రం ఎప్పటిలాగే ఉన్నారు. పత్రిక నుంచి వస్తానన్నాయన రాలేదు. ఆరో రోజు ఒక గుంపు వచ్చింది, బయట వాన పడుతోందని. వాన ఆగగానే పోయింది.

ఏడో రోజు ఒక కుర్రాడు పన్నెండో ఫొటో కింద గోడకు కాలు ఆనించి నిలబడి, స్నేహితురాలి ఫోన్‌కు పోజిచ్చాడు. ముసలాయన గొంతు హాలంతా మోగింది.

“కాలు తియ్యప్పా! కాలు పెట్టే జాగానా అది? కండ్లు కనపల్లేదా నీకు?”

కుర్రాడు “సారీ అంకుల్” అంటూ జారుకున్నాడు. ముసలాయన వంగి, గోడ మీది బూటు మరకను తువ్వాలుతో తుడిచాడు. స్టాన్లీ బయటికి వెళ్లి మార్తకు ఫోన్ చేశాడు.

“ఒకాయన దొరికాడు.”

“ఎవరు?”

“పేరు తెలీదు.”

“ఏమన్నాడు ఫొటో గురించి?”

“ఏమీ అనలేదు. అనక్కర్లేదు మార్తా.”

“సరే, మాట మాటే,” అంది.

శనివారం ముసలాయన వచ్చి తన చోట నిలబడ్డాడు. ఆయన వీపు కేసి చూస్తూనే స్టాన్లీ కంపెనీకి జవాబు రాశాడు. రాలేనన్నాడు. పంపేశాడు. ఏడాదిన్నరగా గుండెల మీదున్న బండ దిగిపోయింది.

ఇక ఆగలేక దగ్గరికి వెళ్లాడు.

“నమస్కారం పెద్దాయనా. ఈ ఫొటో తీసింది నేనే.”

“అట్లనా అప్పా. నన్ను సొన్నప్ప అంటారు. మాది ఈ ఊరే.”

“పది రోజుల్లో దీన్ని చూసింది మీరొక్కరే. ఇవాళ్టితో అయిపోయింది. రేపు అన్నీ దించేస్తాం. ఒక్క మాట చెప్పండి. రోజూ ఇంతసేపు నిలబడ్డారే, మీకు ఇందులో ఏం కనిపించింది?”

సొన్నప్ప తలెత్తి ఫొటోను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత స్టాన్లీని చూశాడు.

“నేను బొమ్మ చూసేదానికి రాలేదప్పా, ఈ కట్టడం లేవకముందు మా మునేశ్వరసామి గుడి సరిగ్గా ఈ గోడ కాడనే ఉండె, రేపు నీ పటం దించేటప్పుడు మేకులు రోంత మెల్లగ పెరుకు.”