అటక మీద ఊక

1982 జులై 11. మూడు రోజుల ముసురు వెలిసి ఎండ మండిపోతున్నా, మా పెంకుటింటి నడిమిగది చల్లగా ఉండడం చూసి ఆశ్చర్యపోయాను.

అక్క పురిటికొస్తోందని, ఉక్క తగ్గడానికి తాతయ్య వేసవిలోనే అటక నిండా మూరెడు మందాన ఊక పోయించారు.

"చూశావా, నా ఊక పనితనం! రేపు ఎనిమిదింటికి బారసాల. ఎక్కి ఆ దూలం దులుపు, ఉయ్యాల కట్టాలి," అన్నారు మీసం దువ్వుతూ.

నిచ్చెనెక్కాను. గుప్పెడు ఊక తీసి పిండితే నీళ్లు కారాయి. ఆ బరువుకి దూలం అడ్డంగా బీటలిచ్చింది. చల్లదనం ఊకది కాదు, వాన నీళ్లది.

"తాతయ్యా, దూలం విరిగేలా ఉందండీ!"

"టేకే అది! దానికి కట్టిన ఉయ్యాల్లోనే మీ అమ్మ ఊగింది, నువ్వూ ఊగావు. శుభకార్యం ముందు ఆ మాటలేంటి?"

రేపు పొద్దున్న అందరికంటే ముందు లేచి, ఉయ్యాల గొలుసులు నూతిలో పడేస్తాను.