బావిలో పాముచేప

వచ్చినావిడ నీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు.

పెరీనాకు అక్కడే ఒళ్ళు మండింది. ఆ ద్వీపంలో ఏరు లేదు, చెరువు లేదు. ఇంటికప్పు మీద పడ్డ వాన పెరట్లోని రాతిబావిలోకి దిగాలి, ఏడాదంతా దాన్నే తాగాలి. అలాంటి నీళ్ళు ఇస్తే వద్దంటారా ఎవరైనా?

"కాచి ఇస్తావా అమ్మా?" అందావిడ. డెబ్భై దాటి ఉంటాయి. గుడ్డసంచీ ఒక్కటే సామాను. మాట ద్వీపం మాటే కానీ, చాలాకాలం వాడనట్టు తడబడుతోంది.

"కాచడమెందుకు? మా బావిలో పాముచేప ఉంది."

ఆ ఊళ్ళో అంతకు మించిన హామీ లేదు. ప్రతి బావిలోనూ ఒక పాముచేపను వదులుతారు. అది పురుగునీ పుట్రనీ తినేస్తుంది. అది బతికున్నంతకాలం నీళ్ళు మంచివే.

"పైన గట్టు మీద ఆ చెక్కగది ఏమిటి?"

"కొత్త మరుగుదొడ్డి. చుక్క నీరు అక్కర్లేదు, అంతా ఎరువైపోతుంది. అది కడితేనే మాకు పచ్చబోర్డు ఇచ్చారు" అంది పెరీనా గర్వంగా.

ఆ బోర్డు చూసే, ప్రకృతికి హాని చెయ్యకుండా తిరగాలనుకునే యాత్రికులు తెరచాప పడవల్లో వస్తారు. కూతురూ అల్లుడూ ఓడల మీద వంటపనికి పోతే, మనవరాలు నీకాను పెంచుకుంటూ పెరీనా, ఆమె భర్త ఫ్రానే ఈ ఇంటిని అతిథులకిచ్చి బతుకుతున్నారు. ఈ వేసవి జనం రాకపోతే ఇల్లు మూసుకోవడమే.

ఆవిడ ఆ గది వంకా, దానికి దిగువనున్న బావి వంకా చూసింది.

ఆ రాత్రి కాలం కాని వాన దంచికొట్టింది.

తెల్లవారి పెరీనా పెరట్లోకి వచ్చేసరికి బావి మూత తీసి ఉంది. చేదతాడు కోసేసి ఉంది. పక్కనే బకెట్ పెట్టుకుని ఆవిడ కూర్చుంది. బకెట్లో పాముచేప, చచ్చి తెల్లగా తేలుతోంది.

"ఏవయ్యో, చంపేసింది! మన పాముచేపను చంపేసింది!"

పెరీనా కేకకు ఫ్రానే చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"నేను తీసేసరికే చచ్చింది" అందావిడ. "వానకి పైనున్న మురుగు రాళ్ళ సందుల్లోంచి బావిలోకి దిగింది. పసిదానికి ఆ నీళ్ళు పట్టకు. నా మాట వినమ్మా, ఈ బావిలో మునుపు కూడా..."

"మునుపేంటి మునుపు! మా బావి సంగతి నాకు చెప్పడానికి నువ్వెవరు? నీళ్ళు కాదన్నప్పుడే అనుకున్నాను, నీ కన్ను మంచిది కాదని!"

చుట్టుపక్కలవాళ్ళు పోగయ్యారు. పాముచేపను చంపినవాళ్ళని ఆ ఊళ్ళో ఎవరూ గడప తొక్కనివ్వరు. ఫ్రానేయే సంచీ మోసుకెళ్ళి, ఆవిడను పెద్ద ద్వీపానికి పోయే పడవ ఎక్కించాడు.

పడవ కదిలాక కూడా ఆవిడ ఒకటే మాట అరిచింది. "పసిదానికి పట్టకండి!"

ఇంటికొచ్చి ఫ్రానే నసిగాడు. "ఏమే, ఎందుకైనా మంచిది, బావి తోడించి కడిగిద్దామా?"

"తోడించేస్తే మళ్ళీ వాన నీ తాత కురిపిస్తాడా? అతిథులొచ్చే వేళకి వాళ్ళకేం పోస్తావ్, నీ ద్రాక్షసారాయా?"

ఫ్రానే వెళ్ళి చేదకి కొత్త తాడు కట్టసాగాడు. జన్మలో ఒక్కసారి పెళ్ళాం మీద గొంతు పెంచాల్సింది ఆ రోజే. పెంచలేదు.

అవతలి ఒడ్డు నుంచి కొత్త పాముచేపను తెప్పించారు. అప్పటిదాకా పొరుగింటి నీళ్ళతో సరిపెట్టుకున్నారు. బావిలో వదిలిన మర్నాడు అది చలాకీగా పైకొచ్చి రొట్టెముక్క అందుకుంది. పెరీనా గుండెల మీద శిలువ గీసుకుంది.

మధ్యాహ్నానికి అతిథులు దిగారు. ఇంటి చిన్నబిడ్డ ముందు తాగి చూపించాలి, ఆ తర్వాతే వచ్చినవాళ్ళకి పొయ్యాలి. అది అక్కడి మర్యాద. పెరీనా నీకా చేతికి గ్లాసు అందించింది.

"అమ్మమ్మా, ఏదో వాసనొస్తోంది."

"కొత్త చేప కదే, అలాగే ఉంటుంది. తాగు తల్లీ, అందరూ చూస్తున్నారు."

నీకా ముక్కు మూసుకుని గడగడా తాగేసింది. అతిథులు నవ్వి చప్పట్లు కొట్టారు.

మర్నాడు తెల్లారేసరికి ఆ చప్పట్లు కొట్టినవాళ్ళంతా కడుపు పట్టుకున్నారు. పెద్దవాళ్ళు కాబట్టి ఓర్చుకున్నారు. నీకా ఓర్చుకోలేకపోయింది. పొద్దెక్కేసరికి పిల్ల కళ్ళు తెరవడం మానేసింది.

డాక్టరు కోసం రేవుకు పరిగెత్తిన ఫ్రానేకి, పెద్ద ద్వీపం డాక్టరే మెట్లెక్కి వస్తూ ఎదురయ్యాడు.

"మేమింకా కబురే చెయ్యలేదు. ఎలా వచ్చారు బాబూ?" అంది పెరీనా గుమ్మంలోనే.

డాక్టరు నీకా చెయ్యి పట్టుకుని నాడి కోసం వెతికాడు. చాలాసేపు వెతికాడు.

"మీరు పంపేసిన ఆ ముసలావిడ. పడవ దిగిన దగ్గర్నుంచీ నా గుమ్మంలోనే కూర్చుంది, ఇక్కడికి వెళ్ళమని. మతి చలించిందనుకున్నాను. ఇవాళ గానీ నేను కదల్లేదు."

"పిల్ల బతుకుతుంది కదూ? చెప్పండి బాబూ, బతుకుతుంది కదూ?"

డాక్టరు వేలితో పిల్ల కనురెప్ప ఎత్తి చూశాడు, మెల్లగా దించాడు.

"ఆ మాయదారిది ఎవరసలు? మా ఇంటికే ఎందుకొచ్చింది?" అంది పెరీనా.

"ఒకప్పుడు ఈ ఇల్లు వాళ్ళదేనటమ్మా. కొత్త చేప బతికింది, నీళ్ళు మంచివే అని పెద్దవాళ్ళంటే నమ్మి, ఎనిమిదేళ్ళ వయసులో తన తమ్ముళ్ళిద్దరికీ ఆ బావి నీళ్ళు చేతులారా పట్టించింది ఆవిడేనట."