జోడీ కూలి

ఇష్టం లేనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని లేబరాఫీసరు మాటవరసకు అడిగాడు. ఉంటారని ఆయన అనుకోలేదు. దశరథం లేచి నిలబడ్డాడు.

మంచిర్యాలకు అవతల, వాగు మీద ఆనకట్ట కడుతున్న చోటు అది. నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడు. అక్కడ మట్టిపనంతా జోడీల మీద నడిచేది. మగవాడు గడ్డపారతో తవ్వి తట్ట నింపాలి. ఆడది ఆ తట్ట నెత్తినెత్తుకుని కట్ట మీద పోయాలి. ఇద్దరికీ కలిపి ఒకటే కూలి, అదీ మగవాడి చేతికే. ఆలుమగలు కలిసి వస్తేనే మేస్త్రీ పనిలో పెట్టుకునేవాడు.

ఇప్పుడు సర్కారు కొత్త కాయిదా తెచ్చింది. ఎవరి కూలి వాళ్ల చేతికే ఇవ్వాలి. ఇంతకు తగ్గకూడదని ఒక హద్దు, దాని మీద కరువు భత్యం. ఆఫీసరు ఆ మాట చదువుతుంటే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. సొంత చేతితో పైసలు పట్టుకోని వాళ్లే అందరూ.

"వద్దు సారూ," అన్నాడు దశరథం. "జోడీ కూలే ఉండనియ్యుండ్రి. చేతులు వేరైతే ఇల్లు నిలువది."

అందరూ గొల్లున నవ్వారు. అతని జోడీ యాదవ్వ మాత్రం బోర్లించిన తట్ట మీద కూర్చుని తల దించుకుంది.

దశరథానికి ముందునుంచీ మంచి పేరు లేదు. యాదవ్వ మెడలో పసుపుతాడు, దానికో పసుపుకొమ్ము తప్ప గురిగింజంత బంగారం లేదు. ఇన్నాళ్ల కష్టంలో ఒక పుస్తె చేయించలేకపోయాడా అని అందరి మాట. గడ్డపార దొంగలెత్తుకుపోతారని చలికాలంలో కూడా గోనెసంచి కప్పుకుని గుడిసె బయటే పడుకునేవాడు. పెళ్లాం కంటే ఇనుమే ముద్దని మగవాళ్లు ఎకసెక్కమాడేవాళ్లు. యాదవ్వకు జ్వరం వచ్చినప్పుడు తానే తవ్వి, తానే మోశాడు. అది కూడా కూలి పగారు మీది ఆశేనని తేల్చేశారు. ఊరి నోటికి మూత ఎవరు పెట్టగలరు?

అన్నిటికంటే పెద్ద తప్పు బాలలక్ష్మి. యాదవ్వ కూతురు. హుజూరాబాద్ పక్కన అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. మిగతా పిల్లలంతా ఇక్కడ ఇసుక కుప్పల మీద దొర్లుతుంటే, యాదవ్వ పని ఆపి వాళ్లనే చూసేది. ఎవరి పిల్లో దొరికితే కూర్చోబెట్టుకుని తల దువ్వేది. దువ్వుతూ దువ్వుతూ కళ్లు తుడుచుకునేది.

పక్క గుడిసె గంగుబాయి చూడలేక, బిడ్డను తెచ్చుకోరాదా అని ఎన్నిసార్లు అడిగిందో.

"ఈడికి తేరాదక్కా," అనేది యాదవ్వ. "దాని నోరు ఊకుండది."

పిల్ల అల్లరి కూడా ఓర్వలేని మొగుడన్నమాట. మేకవన్నె పులి అనుకుంది గంగుబాయి. అందుకే ఆ రోజు ఆఫీసరు జీపు కదలగానే అతని మీద పడింది.

"పెండ్లాం చెమట తినుడు మరిగినవు. సిగ్గు లేదా నీకు?"

దశరథం గడ్డపార భుజాన వేసుకుని గుంతలోకి దిగాడు.

అతను వద్దన్నంత మాత్రాన కాయిదా ఆగుతుందా? వచ్చింది. సంతరోజు యాదవ్వ మొదటిసారి తన పగారు తన చేత్తో అందుకుని కొంగున కట్టుకుంది. ఆ మర్నాడే గుడిసెల వరుసకు ఆ చివర తనకూ బిడ్డకూ వేరే గుడిసె మొదలుపెట్టింది.

అందరూ ముక్కున వేలేసుకున్నారు. పైసలు చేతికి రాగానే మొగుణ్ణి వదిలేస్తుందా? దశరథం అన్నంత పనీ అయిందే! అంతకంటే వింత, ఆ గుడిసె కట్టిందే దశరథం. అడవికి పోయి వెదురు కొట్టుకొచ్చాడు. నిట్టాడి గుంజలు పాతాడు. గడ్డి కప్పాడు. పిల్ల ఆడుకోవడానికి అరచేయంత తట్ట ఒకటి అల్లి గుంజకు తగిలించాడు. ఆఖరున తమ పొయ్యిరాళ్లు మూడూ మోసుకొచ్చి అక్కడ పెట్టాడు. తిరిగిపోయి, పొయ్యి ఉన్న చోట మిగిలిన నల్లటి మరక ముందు కూర్చున్నాడు. ఏడవడం లేదు. అలా కూర్చున్నాడంతే.

గంగుబాయికి అన్ని తిట్లు తిట్టిన మనిషి మీదే జాలి పుట్టింది. లేచి యాదవ్వ దగ్గరికి పోయింది. తెల్లారితే బిడ్డను తెచ్చుకోవడానికి హుజూరాబాద్ బండెక్కాలని యాదవ్వ మూట కట్టుకుంటోంది.

"ఎంతైనా మొగడు మొగడే యాదవ్వా," అంది గంగుబాయి. "గిన్నేండ్ల కాపురం. బిడ్డను తెచ్చుకొని ఆడనే ఉండరాదు?"

యాదవ్వ మెడలోని పసుపుతాడు ముడి విప్పి, తీసి, మూట పక్కన పెట్టింది. మొగుడు బతికుండగా ఇదేం పనని గంగుబాయి ఆమె చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఏడుపు ఆగలేదు యాదవ్వకు. చాలాసేపు ఏడ్చి, దశరథం కూర్చున్న వైపు చూస్తూ అంది.

"బిడ్డ కడుపుల ఉండంగనే నా మొగడు సచ్చిపోయిండక్కా; జోడీ లేనిది పనియ్యనని మేస్త్రీ ఎల్లగొడితే, ఆయన డేరా ఎనుకకు పోయి గీ తాడు నాకు నేనే కట్టుకొని, నా లెక్కనే ఒంటిగ నిలబడ్డ గా మనిషి పక్కన పోయి నిలబడ్డ."