తప్పుడు పాఠాల మాస్టారు

జూన్ పదకొండో తేదీ. కెమెరామన్‌కు బాగా గుర్తు. ఆ పొద్దున భార్య రొట్టె ముక్కలు, రెండు ఉడికించిన గుడ్లు పెట్టింది. ఒకటి తిన్నాడు. రెండోది నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. పక్క కుర్చీలో కూర్చున్న కూతురి ఫోన్‌లోంచి యంత్రం చదువుతున్నట్టు ఓ గొంతు వినిపించింది.

"గుడ్డు గుండ్రంగా కనిపించాలంటే, దీపాన్ని కెమెరా పక్కనే పెట్టి సూటిగా ఎదుటినుంచి వేయండి."

"ఎవడు వాడు?" అన్నాడు కెమెరామన్.

"ఎవరో మాస్టారు నాన్నా. రోజుకో కెమెరా పాఠం చెప్తారు. మనిషి కనపడరు, బొమ్మలు గీసి చూపిస్తారు. అమ్మ ఫోన్‌కి ఎవరో పంపారట."

"వాడి మొహం! ఎదుటినుంచి వేస్తే గుడ్డు బిళ్లలా కనపడుతుంది."

"మరెలా వేయాలి?"

కెమెరామన్ ఠక్కున నోరు మూసేశాడు. ఆరేళ్లు పక్కన నిలబెట్టుకుని పని నేర్పిన అసిస్టెంటు, తన చేతికి రావలసిన సినిమాను తన్నుకుపోయిన రోజున ఆయన ఒట్టు పెట్టుకున్నాడు, చచ్చినా ఇక ఎవరికీ అక్షరం చెప్పనని. ఆ ఒట్టు నుంచి కన్నకూతురికీ మినహాయింపు ఇవ్వలేదు. నిరుడు సినిమా స్కూలు ప్రవేశ పరీక్షలో కెమెరా చేతికిస్తే ఆ పిల్ల తెల్లమొహం వేసి తిరిగొచ్చింది. ఈసారీ తప్పితే వయసు దాటిపోతుంది. పరీక్షకు ఇంకా ఇరవై రోజులే ఉన్నాయి. "బజారు నిండా పుస్తకాలు, ఫోన్ నిండా పాఠాలు. వాటిని చూసి ఏడు" అన్నది ఆయనే.

పక్క గదిలో బట్టలు కుడుతున్న భార్య మిషను ఆపింది. "అంత చదువుకున్నాయన తప్పు చెప్తాడా ఏంటి? ఆయన చెప్పినట్టే చెయ్యవే."

"నీకేం తెలుసు? నోర్మూసుకో!"

విసురుగా లేచి, గుడ్డును తెల్ల పళ్లెంలో పెట్టి కిటికీ దగ్గరకు తీసుకెళ్లాడు. తెర సగం లాగాడు.

"ఇటు చూడు. వెలుగు పక్కనుంచి పడాలి. ఈ చెంప వెలిగింది, ఆ చెంప నీడలో ఉంది. ఆ నీడ వల్లే అది గుండ్రంగా కనపడుతోంది. ఇదేం పాఠం కాదు, వాడి తప్పు దిద్దుతున్నానంతే. తెలిసిందా?"

"తెలిసింది నాన్నా." కూతురు అప్పటికే రాసేసుకుంటోంది.

చల్లారిపోయిన గుడ్డు మీద భార్య ఇంత ఉప్పు, మిరియాల పొడి చల్లి ఆయన చేతిలో పెట్టింది.

మర్నాడు ఆ గొంతు, తెల్లచొక్కా మనిషిని తీసేటప్పుడు చొక్కా మీది వెలుగును కొలిచి ఆ అంకే ఖాయం చేసుకోమంది. కెమెరామన్ అరుపుకు మిషను మీది కత్తెర కిందపడింది.

"మొహం మసిబొగ్గవుతుంది! మీటరుకు చొక్కా ఏదో, చర్మమేదో తెలుస్తుందా?" అంటూనే అటకెక్కి, దుమ్ము కొట్టుకుపోయిన మీటరు దించాడు. కూతురి చెంప దగ్గర పెట్టి కొలవడం చూపించాడు.

అయిదో రోజు భార్యను, కూతురిని ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టాడు.

"వీడు సినిమా తీశాడా, అసలు చూశాడా? ఒకరిని ఇటు పక్కనుంచి, ఇంకొకరిని అటు పక్కనుంచి తీయమంటాడేంటి! మీ ఇద్దరి మధ్యా ఒక గీత ఉందనుకో. కెమెరా దానికి ఒకే పక్క ఉండాలి. దాటిందో, ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తూ గోడతో మాట్లాడుకున్నట్టుంటుంది."

"మీరూ నేనూ మాట్లాడుకున్నట్టు" అంది భార్య.

కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. కెమెరామన్ నవ్వలేదు. ఆయన తిట్లలో కాస్త మర్యాదగా ఉన్నవి ఏరి, కూతురి చేత పాఠం కింద రాయించాడు. గంటలో జవాబొచ్చింది: "క్షమించాలి. తెలిసినవాళ్లు నోరు విప్పకపోతే మాబోటి వాళ్లకెలా తెలుస్తుంది?"

"వెటకారమా! నాకే!" ఆ రాత్రంతా ఆయన పళ్లు నూరుతూనే ఉన్నాడు. పదో రోజుకల్లా కూతురి కంటే ముందే లేచి, "వాడి కూత వచ్చిందా?" అని తలుపు బాదడం మొదలుపెట్టాడు.

పరీక్ష జరిగిన వారానికి ఫలితాలొచ్చాయి. కూతురు చెప్పులు కూడా విడవకుండా లోపలికి పరుగెత్తుకొచ్చింది.

"సీటొచ్చింది నాన్నా! పరీక్ష రోజున, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగారు. మా నాన్న తిట్లలో అన్నాను."

కెమెరామన్ గోడ వైపు తిరిగి చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. రాత్రి పక్క మీదికి చేరేసరికి మళ్లీ కోపం రాజుకుంది.

"వాణ్ణి మాత్రం వదిలిపెట్టను. నా కూతురంటే తప్పించుకుంది. రేపు ఎవరి బిడ్డ మునుగుతుందో! పొద్దున్నే ఫిర్యాదు రాస్తా."

"రాద్దురుగాని, పడుకోండి" అంటూ భార్య దుప్పటి కప్పింది. "ఇన్నాళ్లూ గొంతు చించుకున్నారు."

"నువ్వు పడుకోవా?"

"చిన్న పని మిగిలిందండీ."

ఆమె ఫోన్ తీసుకుని కుట్టుగదిలోకి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.

తను చెప్పిన ఇరవై పాఠాలనూ తుడిచేసింది.