వేలు పడిన పేజీ

"ఆయనకి ఇంక గొంతు రాదక్కా. నాకు తెలుసు. నా నోటి మాటే తగిలింది."

సరోజ ఈ మాట అనేసరికి పొయ్యి మీద ఉప్మా మాడుతోంది. పక్క క్వార్టర్‌లో ఉండే నాగమల్లేశ్వరి ముందు గ్యాస్ కట్టేసి, తర్వాత అడిగింది.

"ఏమన్నావేంటి?"

"ఒక్కపూటైనా నోరు మూసుకుంటారా అన్నాను. వారం తిరక్కుండా గొంతులో గడ్డ అన్నారు, ఆపరేషన్ అన్నారు. పదిహేను రోజుల్లో మాటొస్తుందన్నారు. నెలైంది. పైనున్నాయన విన్నాడక్కా."

"మా ఆయన్ని నేను రోజూ అంటాను. ఇంతవరకూ జలుబు కూడా చేయలేదు."

సరోజ నవ్వలేదు. గదిలోకి వెళ్లి బైబిలు తెచ్చింది. బాపట్లలో వాళ్లమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది. కళ్లు మూసుకుని పుస్తకం ఎక్కడో ఒకచోట తెరిచి వేలు పెట్టాలి. వేలు పడిన వచనమే ఆ రోజుకి దేవుడి తీర్పు. ఆ పొద్దున సరోజ వేలు పడినచోట, దేవదూత మాట నమ్మనందుకు ఒక ముసలి యాజకుడు మూగవాడైపోయాడు.

"చూడు. ఇంతకంటే ఏం చెప్పాలి ఆయన?"

నాగమల్లేశ్వరి కళ్లజోడు సర్దుకుంది. "తర్వాత ఏమైందో చదివావా?"

"తర్వాతదెందుకు? వేలు ఇక్కడే కదా పడింది!"

"ఉత్తరమొస్తే మధ్యలో ఒక్క లైను చదివి ఏడుస్తావటే? మొదట్నుంచి చదువు. పైకి చదువు, అన్నయ్యగారూ వింటారు. రోజూ ఒకటే ప్రశ్న వేసుకో, ఇక్కడ దేవుడు ఎలాంటివాడని. తోచింది నోటుబుక్కులో రాసుకో."

"నాది ఎనిమిదో తరగతి అక్కా."

"ఆయనేం ఐఏఎస్ పరీక్ష పెట్టట్లేదులే."

అసలు చిక్కు చదువుతో కాదు, మొగుడితో. సదాశివరావు ఢిల్లీలో అశోకా రోడ్డు దగ్గర ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు. వచ్చిన ప్రతి ఫైలు మీదా కొర్రీ వేయడం ఆయన ఉద్యోగం, ఇంటికొచ్చాక అలవాటు. సరోజ బైబిలు తెరిస్తే చాలు, "చేప కడుపులో మూడ్రోజులా? గాలెవరందించారు?" అనేవాడు. సరోజ పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఇరవై నాలుగేళ్లుగా అదే తంతు. ఇప్పుడాయన చేతిలో ఒక పలకా, బలపం ముక్కా తప్ప ఏమీ లేవు.

మర్నాడు టీ అయ్యాక, బెదురుతూనే సువార్త మొదటి పేజీ తీసి కూడబలుక్కుంటూ చదివింది. ముసలాయన మూగవాడయ్యాడు. పేజీ తిప్పింది. ఆయనకి బిడ్డ పుట్టాడు. పేరేమిటని అందరూ అడిగితే, పలక తెప్పించుకుని రాశాడు. రాసిన వెంటనే నోరు తెరుచుకుంది.

"అయ్యో రామా, పలక!" అంది సరోజ, బైబిలు చేతిలో ఉందన్న సంగతి మరిచి.

సదాశివరావు తన పలక వంక చూసుకున్నాడు. భుజాలు కదిలేలా నవ్వాడు, చప్పుడు లేకుండా.

ఆ రోజు నోటుబుక్కులో రాసింది: 'ఆయన తీసుకుని ఊరుకోలేదు. తిరిగి ఇచ్చేశాడు.'

అప్పట్నుంచి రోజుకింత చదివేది. మధ్యలో కుక్కర్ కూతేస్తే లేచేది. తిరిగొచ్చేసరికి ఆయన ఒళ్లో పలక ఉండేది, దాని మీద 'తర్వాత?' అని ఉండేది. ఆస్తి తగలేసి ఇంటికొస్తున్న కొడుక్కి ఆ తండ్రి పరిగెత్తుకుంటూ ఎదురెళ్లిన రోజున సరోజ చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. చివరికి రాసింది: 'ఈయన కొర్రీలు వేయడు.'

డాక్టరుకి చూపించుకునే రోజు వచ్చింది. ఏం వినాల్సొస్తుందోనని సరోజ ఎప్పుడూ లోపలికి వెళ్లదు, బయట బెంచీ మీదే ఉంటుంది. సదాశివరావు బయటికొచ్చి పలక చూపించాడు. 'ఇంకా టైం పడుతుందట.'

ఇదీ తన నోటి మాట వల్లేనని సరోజ అనుకోవాలి. అనుకోలేదు. ఆమెకే వింతగా అనిపించింది.

"పట్టనీండి. ఆటో పిలవండి... అదే, నేనే పిలుస్తాను," అంది.

ఇంకో రోజు కూరగాయల బండివాడు గుమ్మం ముందు తూకం ఆపేశాడు. "టిండా నహీ, దీదీ. సాబ్‌ నే మనా కియా."

సాబ్ వద్దన్నారట. టిండా కాయలంటే ఆయనకి పడదు, నిజమే. "మూగసైగలు భలే అర్థమవుతాయయ్యా నీకు!" అని సరోజ బెండకాయలు తీసుకుంది.

ఆ సాయంత్రం గుర్‌గావ్ నుంచి కూతురు స్నిగ్ధ ఫోన్. "మమ్మీ, పప్పా భలే ఖుషీగా ఉన్నారు కదా!"

"నీకెలా తెలుసే?"

"అదే... మెసేజ్ పెట్టారులే."

"రోడ్డు మీద ఫోన్ చూసుకుంటూ నడవకు. కార్లు మీదికొచ్చేస్తాయి," అని సరోజ పెట్టేసింది. భయం అంత తేలిగ్గా ఎక్కడికి పోతుంది?

సువార్త ఆఖరి పేజీ ఒక ఆదివారం పొద్దున అయిపోయింది. దిగులుగా నడిచిపోతున్న ఇద్దరి పక్కన ప్రభువు దారంతా నడిచాడు, వాళ్లు ఆయన్ని గుర్తుపట్టనేలేదు. సరోజ కళ్లు తుడుచుకుని నోటుబుక్కు మూసింది.

"ఏమండీ. నా మాట తగిలి మీ గొంతు పోలేదు. అలాంటి దేవుడు కాదాయన. ఇన్నేళ్లూ నేనెవరికో భయపడ్డాను. మీకు మాటొచ్చినా రాకపోయినా ఆయన మంచివాడే. అది నాకిప్పుడు తెలుసు."

కూలర్ గుర్రుమంటోంది. ఆయన లేచి దాన్ని కట్టేశాడు.

"గొంతు ఎప్పుడొస్తే అప్పుడే రానీండి. రేపట్నుంచి ఏం చదవమంటారో అది రాయండి."

సదాశివరావు పలక బోర్లించి పక్కన పెట్టాడు. 

"గొంతొచ్చి మూడు వారాలైంది సరోజా, మాట్లాడితే నువ్వు చదవడం ఆపేస్తావని భయమేసింది."