పై వీధి ఖాళీ చెయ్యండి

తలుపు మీద ఎవరో దబదబా బాదారు.

రాన్వేగ్ తీసింది. ముందు మంచు లోపలికొచ్చింది. దాని వెనకే ఎగ్గర్ట్.

"పై వీధి ఖాళీ చెయ్యాలమ్మా. ఇప్పుడే."

"మళ్ళీనా?"

ఈ చలికాలంలో ఇది మూడోసారి. డిసెంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి పదకొండు ఇళ్ళవాళ్ళూ దుప్పట్లు మోసుకుని సముద్రం పక్కనున్న బడికి చేరారు. రెండుసార్లూ కొండ మీంచి మంచు విరిగిపడలేదు. బడి నేల మీద పడుకుని రాన్వేగ్ తండ్రి థోర్లాక్‌కి మాత్రం నిమ్ము చేసింది.

అంతకుముందున్న మంచు కాపలాదారు ఊరొదిలి వెళ్ళిన వారానికి వచ్చాడు ఎగ్గర్ట్. అరవై ఏళ్ళ మనిషి. రోజూ కొండెక్కి, మంచులో కర్ర దింపి లోతు కొలిచి, గుంట తవ్వి పొరలు చేత్తో నలిపి చూసేవాడు.

"రాజధాని వాళ్ళు మనకి పంపేవన్నీ ఇలాంటి పాత సరుకే" అని నవ్వుకునేవారు చేపల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు.

"నాన్నకి నిన్ననే జ్వరం తగ్గింది. ఈ గాలిలోకి తీసుకొస్తే చచ్చిపోతాడు" అంది రాన్వేగ్.

"ఇక్కడుంటే ఇద్దరూ పోతారు."

"పోయినసారీ ఇదే చెప్పారు."

"చెప్పాను. పడలేదు. కానీ మూడు రోజుల్నుంచి ఉత్తరపు గాలి ఆగలేదు. పైన మంచు రెండింతలైంది. అడుగు పొర పంచదారలా రాలిపోతోంది."

లోపల్నుంచి థోర్లాక్ అరిచాడు.

"ఎవరే అది?"

"మంచు కొలిచే ఆయన, నాన్నా."

"నా మీద పడితే మంచుకే నష్టమని చెప్పు. తలుపెయ్యి, చలి!"

రాన్వేగ్ తలుపు మీద చెయ్యి వేసింది. "పొద్దుట్నుంచీ ఫోన్లు లేవు. ఖాళీ చెయ్యమని మీకెవరు చెప్పారు?"

ఎగ్గర్ట్ చూపు తిప్పుకుని కొండవైపు చూశాడు.

"లైను తెగకముందే రాజధాని రెయిక్యావిక్ నుంచి ఆర్డరొచ్చింది. కాదంటే పోలీసులొచ్చి లాక్కెళతారు."

ఆర్డరంటే ఇంకేం చేస్తుంది? కోపంతో ఏడుస్తూ తండ్రికి ఉన్ని బట్టలు చుట్టింది. కారు కదిలే దారి లేదు. ఎగ్గర్ట్ వంగి నిలబడ్డాడు.

"నా వీపుకెక్కించు."

దారి పొడుగునా థోర్లాక్ తిడుతూనే ఉన్నాడు.

"మెల్లిగా నడవరా గాడిదా! చేపల మూటననుకున్నావా?"

"చేపలైతే నోరు మూసుకుని ఉంటాయి పెద్దాయనా."

బడిలో ముసలాయన్ని బెంచీ మీద దించేసరికి ఎగ్గర్ట్ మొహం బూడిదలా ఉంది. కాఫీ తాగుతావా అని ఎవరూ అడగలేదు.

"ఈసారి కొండ పడకపోతే నిన్నే పడవెక్కించి పంపేస్తాం" అన్నాడొక జాలరి.

ఎగ్గర్ట్ తలలు లెక్కపెట్టాడు.

"చివరింటి హెర్దిస్ ఏది?"

ఎవరికీ తెలీదు.

"ఇందాక వస్తుంటే వాళ్ళింట్లో దీపం కనిపించిందే" అంటూ మళ్ళీ బయటికి నడిచాడు.

ఆగమని రాన్వేగ్ అనలేదు. ఆమె కోపం ఇంకా చల్లారలేదు.

పది నిమిషాల తర్వాత బడి వంటగదిలోంచి కాఫీ కూజాతో హెర్దిస్ వచ్చింది.

"నువ్విక్కడే ఉన్నావా?"

"ఉండక? అందరికంటే ముందు దిగొచ్చింది నేనే. కంగారులో దీపం ఆర్పడం మర్చిపోయా."

రాన్వేగ్ ఒక్క పరుగున గుమ్మం దగ్గరికెళ్ళింది. బయట మూడడుగుల దూరం కనపడటం లేదు.

"ఎగ్గర్ట్! వెనక్కి రండి! ఆమె ఇక్కడే ఉంది!"

గాలి ఆ కేకని మింగేసింది.

ముందు చెవులు మూసుకుపోయాయి. కిటికీ అద్దాలు వణికాయి. ఆ తర్వాత వచ్చింది చప్పుడు.

చప్పుడు ఆగాక లాంతర్లతో పైకెళ్ళి చూస్తే పై వీధి లేదు. రాన్వేగ్ ఇంటి రేకు కప్పు సముద్రం ఒడ్డున పడి ఉంది.

ఊరంతా వరసగా నిలబడి పొడవాటి ఊచలతో మంచుని గుచ్చుతూ వెతికింది. పారలు లేనివాళ్ళు వంటింటి పళ్ళేలతో తవ్వారు. రాన్వేగ్ చేతులతోనే తవ్వింది. గోళ్ళు చిట్లి నెత్తురు కారుతున్నా ఆపలేదు.

"ఎగ్గర్ట్! ఎగ్గర్ట్!" అని అందరూ అరిచారు.

ఆరు నెలల్లో ఊరు ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

రెండు గంటల తర్వాత గాలి తగ్గింది. అప్పుడు కనిపించాడు. వాళ్ళు తవ్వుతున్న చోట కాదు. దానికి వంద అడుగుల ఇవతల, దారి పక్కన దీపస్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు. మంచు మోకాళ్ళ దాకానే ఉంది.

రాన్వేగ్ భుజం పట్టుకుని కుదిపింది. ఒళ్ళు అప్పటికే బిగుసుకుపోయింది.

"కొండ ఈయన్ని తాకనే లేదు" అన్నాడు జాలరి. "పరిగెత్తకుండా ఇక్కడ కూర్చున్నాడేంటి?"



మర్నాడు పొద్దున ఫోన్లు వచ్చాయి. రాన్వేగే రాజధానిలోని ఆఫీసుకి ఫోన్ చేసింది.

"పదకొండు ఇళ్ళు పోయాయి. మనుషులం అందరం ఉన్నాం. మీ మనిషే పోయాడు. మీ ఆర్డరు రాకపోయి ఉంటే..."

"ఏ ఆర్డరమ్మా?" అవతలి గొంతు అడ్డొచ్చింది. "మేం ఏ ఆర్డరూ ఇవ్వలేదే. నిన్న మధ్యాహ్నం దాకా మీ కొండకి ప్రమాదం లేదనే అనుకున్నాం."

"మరి ఎగ్గర్ట్ చెప్పాడే! మీరు పంపిన కాపలాదారు!"

అవతల కాసేపు కాగితాల చప్పుడు.

"ఎగ్గర్టా? ఆయన మీ ఊరొచ్చాడా?"

"వచ్చి ఆరు నెలలైంది" అంది రాన్వేగ్.

"ఆ ఉద్యోగం తనకిమ్మని రెండుసార్లు వచ్చి అడిగాడు. గుండె బాగా దెబ్బతింది, కొండ కాదు కదా మేడ మెట్లు కూడా ఎక్కకూడదని డాక్టరు రాసిస్తే తిప్పి పంపేశాం. మీ ఊరికి మేమింతవరకు ఎవర్నీ వెయ్యలేదమ్మా."