డూపు మీసం

"మీసం గట్టిగా అంటించవయ్యా. ఊడితే నా పరువు పోతుంది," అన్నాడు హీరో, కుర్చీలోంచి లేవకుండా.

మేకప్‌మ్యాన్ మా ఆయనే. నా పై పెదవికి జిగురు రాస్తున్నాడు. పెళ్లయి పదకొండు రోజులు. ఆ వేలు తగిలితే చాలు, నాకింకా నవ్వాగదు.

పాత పౌరాణికంలో రాక్షసుణ్ణి చంపేది రాణి. ఈ రీమేక్‌లో ఆ రాణికి డూపుని నేను. హీరో పట్టుబట్టి పోరాటమంతా తనకు రాయించుకున్నాడు. "ఆడది చంపితే ఎవరు చూస్తారమ్మా?" అని నాతోనే అన్నాడు. తీరా కోటగోడ ఎత్తు చూశాక నడుం పట్టేసిందన్నాడు. ఇప్పుడు అతని మీసంతో నేను దూకాలి.

"గోడ ఒక్కసారే కూలుతుంది. రెండో టేక్ లేదు!" దర్శకుడి కేక.

"చంపాక కెమెరా వైపు తిరిగి ఈ మీసం పీకేస్తాను," అన్నాను మా ఆయన చెవిలో. "నీ పని పోతుందేమో."

అతను మీసం అంచులు ఒకసారి సవరించి పక్కకు తప్పుకున్నాడు. భయపడ్డాడనుకున్నాను.

గోడ కూలింది. దూకాను. రాక్షసుడి గుండెల్లో కత్తి దించి, కెమెరా వైపు తిరిగి, మీసం మీద చెయ్యి వేశాను. నున్నగా తగిలింది. అది ఎప్పుడో గాలికి ఎగిరిపోయింది.

"ఎవడ్రా అంటించింది?" నడుం సంగతి మరిచి హీరో ఎగిరి లేచాడు.

"నేనేనండీ," అన్నాడు మా ఆయన చేతులు తుడుచుకుంటూ. "రాణిగారికి మీసం నిలవలేదు."